బ్యాటరీకి పూసిన పసుపు

ఆదోని, 1938. శనివారం.

ఈ వారం మా పాత లారీ ఎమ్మిగనూరు దారిలో మూడుసార్లు ఆగిపోయింది. డ్రైవరు మస్తాను అశ్రద్ధే కారణమనుకొని, సోమవారం నుంచి రావద్దని పొద్దున చెప్పాను.

"పోయే ముందర వైర్లన్నీ ఒగసారి చూసి పోతానమ్మా" అన్నాడు.

మధ్యాహ్నం పిలిచి చూపించాడు. పోయిన వారం వేయించిన కొత్త బ్యాటరీకి పూజ చేసిననాడు, దాని రెండు సీసపు మొనలకూ నేను దట్టంగా పసుపు పూశాను. అది ఎండి పెచ్చు కట్టింది. వైర్లు ఆ పెచ్చు మీదే బిగించి ఉన్నాయి. లారీ గుంతలో పడినప్పుడల్లా కరెంటు తెగిపోతోంది.

"బిగించినోడివి నువ్వే గదప్పా! తుడిచి బిగించకూడదా?"

"మీరు పెట్టిన పసుపు నేను తుడిస్తే ఊరకుంటారామ్మా? ఆ పొద్దే పంపించుందురు."

నవ్వొచ్చింది. నిజమే, పంపించి ఉండేదాన్ని.

పసుపు నేనే గీకేశాను. అతను వైర్లు బిగించి ఎమ్మిగనూరు దాకా పోయి వచ్చాడు. లారీ ఎక్కడా ఆగలేదు. మంచి మనిషిని పోగొట్టుకోకుండా బయటపడ్డాను.

"సోమవారం ఎన్ని గంటలకు రావల్లమ్మా?" అని అడిగాడు.

"ఎప్పటి మాదిరే, ఆరింటికి."

తప్పు నాదని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. చెబుతానని అతను ఎదురుచూసినట్టూ లేదు. అదే కొంచెం గుచ్చుకుంటోంది.