ఓబులేసు కుదిర్చిన మీటరు

కర్నూలు, 1946 ఆగస్టు, శనివారం రాత్రి

నా కొడుకు జాను యుద్ధంలో నేర్చిన విద్యకు ఇంత విలువ వచ్చిందని మనసు పొంగిపోతోంది. పోలీసుల వైర్‌లెస్ సెట్లు బాగుచేసే పనికి పిలిచారు. మాట్లాడేదీ వినేదీ ఒకే పెట్టెలోనట. సోమవారం దొరగారి ముందు ఒక సెట్టు బాగుచేసి చూపితే పని ఖాయం. దేవునికి స్తోత్రం.

ఇంత సంతోషంలోనూ ఓబులేసు చేసిన పని గుండెలో కలుక్కుమంటోంది.

సెట్టులో కరెంటు ఎక్కడ ఆగిందో చూపే మీటరు కోసం మిలిటరీ పాత సామాన్ల అంగడికి పోయాము. బేరానికి ఓబులేసును నేనే పిలిచాను. ముప్పై ఏండ్లుగా నాకు ఎద్దులు కుదిర్చినవాడు. జాను గీతలు పడిన మీటరొకటి ఎంచుకున్నాడు. ఓబులేసు నిగనిగలాడే ఇంకొకటి చూపి, "ఇది తీసుకో అన్నా, నేను చెప్తాండా గదా" అన్నాడు. ఎద్దుల సంతలో లాగే తువ్వాల కింద అంగడివాడి వేళ్లు పట్టి బేరం కుదిర్చాడు. కొడుకు మాట కాదని దాన్నే తెచ్చాను.

ఇంట్లో జాను మూత విప్పితే లోపలి తీగ కాలిపోయి ఉంది. సాయంత్రం పోయి ఓబులేసును నిలదీశాను.

"తెలుసులే అన్నా. ఎద్దయితే చెప్పకుండా ఉంటానా? ఇది ఉత్త డబ్బా గదా. అంగడాయన నాకు శానా కావల్సినోడు."

జాను మాత్రం, "పోనీలే నాయనా, టార్చి బల్బు తగిలించి, అది వెలుగుతుందో లేదో చూసుకుంటూ నెట్టుకొస్తా" అని నవ్వాడు. వాడు నన్ను కోప్పడి ఉంటే బాగుండేది.

రేపు ఆరాధన అయ్యాక మా ఇంటికి విందుకు రమ్మని ఓబులేసును ముందే పిలిచి ఉన్నాను. రావద్దని చెప్పడానికి నోరు రాలేదు. వాడూ రానని అనలేదు.