విత్తనాలకు పట్టించిన ఎర్ర మందు

మృగశిర కార్తె, శనివారం, 1974

ఇవాళ మా లక్డారం బడిలో విత్తనాల సారు గంటసేపు మాట్లాడాడు. మందు పట్టించిన జొన్న విత్తనాలు ఇంటికో సంచి పంచాడు. శిలీంధ్రమన్నాడు, బీజాంశాలన్నాడు. మాట్లాడింది తెలుగే, నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. జొన్న కంకిని నల్లటి పొడిగా మార్చే కాటుక తెగులు అంటే మా ఊళ్లో పశువులు కాసే పిల్లలకు కూడా తెలుసు. ఆ మాట ఆయన నోట రానే లేదు. చివర అర్థమైందా అని అడిగితే, ఊరికి పెద్దను కదా, అయింది సార్ అన్నాను. అందరూ తలలూపారు.

సాయంత్రం పక్కింటి ఎల్లమ్మ ఆ విత్తనాలే కడిగి చాప మీద ఆరబోస్తోంది.

"ఏంది ఎల్లమ్మా ఇది?"

"ఎర్రమట్టి అంటింది పెద్దయ్యా, కడిగిన. విత్తంగ మిగిలినయి రొట్టెలకు విసురుకుంటం."

సంచులు పంచాక సారు సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కోవడం నేను చూశాను.

"తినకు! అది విషం!"

"గట్లని సారు చెప్పిండా?"

"చెప్పిండో లేదో! నాకు సమజైతే గద!"

ఇంటింటికీ తిరిగి తినొద్దని, సారు మాట నాకూ అర్థం కాలేదని చెప్పి వచ్చాను. చివరి ఇంట్లో మల్లయ్య పకపకా నవ్వాడు.

"మాకు గూడ సమజు కాలే పెద్దయ్యా. నువ్వు అడుగుతవని సూసినం."

నవ్వేం నవ్వు? రేపు సారు ఇవే సంచులు పంచడానికి పక్క ఊరు పాశమైలారం పోతాడట. ఆయన కంటే ముందే నేను అక్కడ ఉండాలి. ఈ మోకాళ్లతో ఎట్లా పోతానో...