గోడవతల మంత్రచోరుడు

నెల్లిమర్ల,
నవంబరు 2014

మా ప్రకాష్‌కు మేనత్త ఎలీసమ్మ ప్రార్థనపూర్వక దీవెనలు.

ఫోనుండగా ఉత్తరమేమిటి అనుకుంటావేమో. ఫోనులో మాట్లాడితే గోడవతల బేబీ అక్క వింటుంది. మా రెండిళ్లకీ ఒకటే గోడ కదా! తెల్లవారుజామున నేను చేసుకున్న ప్రార్థన ఆదివారం చర్చిలో ఆవిడ నోట వస్తుంది, అదీ నాకంటే ముందు. ఆ తర్వాత నేను లేచి చెబితే జనం నన్నే దొంగను చూసినట్టు చూస్తున్నారు.

అసలు సంగతి. నువ్వు వదిలెళ్లిన ప్యాంటు ఉతకబోతే జేబులో ఒక అట్టముక్క దొరికింది. దాని మీద నాలుగు చేతుల దయ్యం! కింద ఇంగ్లీషు ఉంటే పాస్టరు అయ్యగారికి చూపించాను. ఆయన చదివి కళ్లజోడు తీసేశారు. "ఎలీసమ్మా, ఇది ఎదుటోడి మంత్రాలు దొంగిలించే జీవమట!" అన్నారు. ఒరే, ఎచ్చెర్లలో నీకు చదువు చెబుతున్నారా, చేతబడి నేర్పుతున్నారా? ఏటిరా ఇది?

ఆదివారం చర్చిలో నీ పేరు చెప్పి అందరిచేతా ప్రార్థన చేయించాను. భయపడకు.

ఇట్లు,
నీ కోసం ఉపవాసమున్న అత్త

తా.క.: ఉపవాసం మధ్యాహ్నం వరకే. మావయ్య చేపలు తెచ్చాడు.

*

ఎచ్చెర్ల, యూనివర్సిటీ హాస్టల్

అత్తకు ప్రకాష్ వందనాలు.

కొంప ముంచావత్తా! అది దయ్యం కాదు, ఆట ముక్క. మావయ్య దొంగచాటుగా ఆడే పేక లాంటిదే. నేనూ నా రూమ్మేటు ధర్మేంద్రా ఆడుకుంటాం. దాని పేరు మంత్రచోరుడు. ఎదుటివాడు మంత్రం ముక్క వేయగానే అది లాక్కుని తనే వాడేస్తుంది. దానికి ఒకటే జబ్బు, మంచీ చెడ్డా చూసుకోదు. మొన్న ధర్మేంద్ర "నా సైన్యం మొత్తం ఎదుటివాడికి ఇచ్చేస్తున్నాను" అనే మంత్రం వేశాడు. నా చోరుడు దాన్నీ ఎత్తుకున్నాడు. ఇంకేముంది, నా సైన్యం నడుచుకుంటూ వాడి పక్కకు పోయింది.

సిగ్గు విడిచి ఇంకో మాట. మీ గోడవతల బేబీ అత్త కూతురు ప్రిస్కిల్లా, నేనూ పెళ్లి చేసుకోవాలనుకున్నాం. నిన్ను మాట్లాడమని అడగడానికే మొన్న వచ్చాను, అడక్కుండానే బస్సెక్కేశాను. నువ్వేమో నన్ను ఊరందరి ముందూ మంత్రగాణ్ణి చేశావు. ఆవిడేమందో కాస్త కనుక్కో.

నీ అమాయకపు మేనల్లుడు,
ప్రకాష్

తా.క.: ఆ ముక్క జాగ్రత్త. నా దగ్గరున్న వాటన్నిటిలో అదే గొప్పది.

*

నెల్లిమర్ల

ప్రకాష్‌కు అత్త కన్నీళ్లతో రాయునది.

కనుక్కునే పని లేకపోయింది. బేబీ అక్క కొళాయి దగ్గర నిలబడి, "మంతరగాడికి నా పిల్లనిత్తానేటి? ఆ ఇంటికి నా కోడిపెట్టనైనా పంపను!" అని అందరూ వినేటట్టు అరిచింది. ప్రిస్కిల్లాకు బొబ్బిలి సంబంధం చూస్తున్నారట. కోత పండుగనాడు వాళ్లు చర్చికొస్తారు, ఆ రోజే మాట ఇచ్చేస్తారు. నా నోటి దూల నీ బతుకు మీదికొచ్చింది నాయనా.

అది ఆట మాత్రమేనని అయ్యగారికి చెప్పాను. "అయితే పేకాటా!" అని ఈసారి జూదగాళ్ల కోసం ప్రార్థన పెట్టారు. నీ పేరుతోనే.

ఆ బొమ్మను మళ్లీ తీరిగ్గా చూశాను. అచ్చం బేబీ అక్కే, చేతులు రెండు ఎక్కువ, అంతే. నువ్వు రాసిన ఆట సంగతి కూడా మళ్లీ మళ్లీ చదువుకున్నాను. ముక్క ఇప్పుడే పంపను. గోడకు ఆనించి పెట్టుకున్నాను.

ఇట్లు,
నిద్రపట్టని అత్త

తా.క.: మావయ్య పేకాడతాడని నీకెవరు చెప్పారు? పొద్దున్నుంచి అడుగుతున్నాను, దేవుడి తోడు అంటూ పెరట్లోకి పోతున్నాడు.

*

ఎచ్చెర్ల

అత్తకు ప్రకాష్ దణ్ణం పెట్టి రాయునది.

అది ఉత్త కాగితం అత్తా, గోడకు ఆనిస్తే ఏమీ జరగదు! ప్రిస్కిల్లా ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "మీ అత్త తెల్లారకముందే గొంతు సించుకొని ప్రార్థన సేత్తాది, మాయమ్మ గోడకి సెవి పెట్టి బట్టీ పడతాది. ఈసారి మరీ పొడుగ్గా ఉందంట, పండక్కి అదే సెప్తాదంట" అంది. పండుగ ప్రార్థన కూడా పోతోంది నీకు. పుణ్యముంటుంది, కాస్త మెల్లగా చేసుకో. నాకు అన్నం సహించడం లేదు.

నీ
ప్రకాష్

తా.క.: ధర్మేంద్ర నీకు నమస్కారాలు చెప్పమన్నాడు. దయచేసి వాడి పేరు కూడా ప్రార్థనలో పెట్టించకు.

*

నెల్లిమర్ల,
జనవరి 2015

కాబోయే పెళ్లికొడుక్కి అత్త దీవెనలు.

కంగారు పడకు, చదువు. పండుగనాడు చర్చి నిండిపోయింది. బొబ్బిలి వాళ్లు ముందు బల్ల మీదే కూర్చున్నారు. బేబీ అక్క ఎప్పటిలాగే నాకంటే ముందు లేచి, కళ్లు మూసుకుని, నా ప్రార్థన అందుకుంది. పంట కోసం, వాన కోసం, జూట్ మిల్లు వాళ్ల కోసం, ఒక్క అక్షరం పొల్లుపోలేదు. మంచి ఊపు మీద, మంచీ చెడ్డా చూసుకోకుండా, "ప్రభువా, నా ఇంటి ద్రాక్షతీగను పొరుగింటి పందిరికి పాకించుచున్నాను. నా కుమార్తెను ఎలీసమ్మ మేనల్లునికి సంతోషముగా ఇచ్చుచున్నాను" అనేసింది.

సంఘమంతా "ఆమేన్!" అంది. అన్నాక గానీ ఆవిడ కళ్లు తెరవలేదు.

బొబ్బిలి వాళ్లు చెప్పులు వెతుక్కున్నారు. అయ్యగారు, "దేవుని ఎదుట ఇచ్చిన మాట అమ్మా" అన్నారు. అది నా మాట కాదు అనాలంటే ఎవరి మాటో చెప్పాలి. చెబితే ఇన్నేళ్ల దొంగతనం బయటపడుతుంది. ఆవిడ నన్ను చూసింది. నేను పైకప్పు చూశాను. చివరికి, "అవును, నా మాటే" అంది.

తర్వాత ఇద్దరం బయట చెట్టుకింద కూర్చుని ఏడ్చాం, ఆవిడ కోపంతో, నేను సంతోషంతో. సాయంత్రం ప్రిస్కిల్లాయే మాకు టీ పెట్టి ఇచ్చింది.

ఇక ఫోన్ చెయ్యి. గోడవతల వినేది మనవాళ్లే.

ఇట్లు,
నీ పెళ్లిపెద్ద, అత్త

తా.క.: నీ ముక్క అడగకు. బేబీ అక్కకిచ్చేశాను. వియ్యపురాలి ఫోటో మన దగ్గరుంటే బాగుండదు.