బూట్లలో ఏమీ లేదు

చల్లపల్లి,
18-1-74

ప్రియమైన జక్కయ్యా,

ఏటా వెళ్లినట్టే వచ్చే శనివారం రాత్రికి మన సొలొమోను చెరకు తోటకు పోదాం. బెల్లం వండుతున్నాడు. పొయ్యి పక్కన పడుకోవడానికి గడ్డి పరిపించాడట. విజయవాడలో బస్సెక్కి సాయంత్రానికల్లా వచ్చెయ్.

ఈసారి ఇంకొకాయన వస్తున్నారు, పామర్రులో బట్టల కొట్టు నవాబ్ గారు. మా వజీరాను వాళ్లబ్బాయికి అనుకుంటున్నామని చెప్పాను కదా. అబ్బాయికి ఇష్టమే, మా పిల్లకూ ఇష్టమే. ఆయనొక్కరే ఇంకా ఊఁ అనలేదు. తోట మాట వినగానే "నేనూ వస్తాను" అన్నారు. ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరురా.

నీకు దండం పెడతాను. పోయినేడు సొలొమోను దుప్పట్లో కప్పను పెట్టినట్టు ఈసారి ఏదీ పెట్టకు. నీ వేళాకోళానికి నా బిడ్డ పెళ్లి తప్పిపోతే నేను తట్టుకోలేను. ఒట్టు వేసి జవాబు రాయి.

నీ
దాదాపీర్

విజయవాడ,
21-1-74

ఒరే దర్జీ దాదాపీరూ,

కోడిని పెంటకుప్ప ఎక్కించి కెలకొద్దంటే ఎలారా?

అయినా వజీరా నా భుజం మీద పెరిగిన పిల్ల. బైబిలు మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. మా సంపూర్ణమ్మ సాక్షి. అది విని ఆవిడ "ఒంట్లో బాగోలేదా?" అని నా నుదురు పట్టుకు చూసింది. ఆ రాత్రంతా 'అండీ' అంటాను, 'తమరు' అంటాను, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. కప్ప ఇంకా అక్కడే ఉంటే దానికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
కాళ్లు కట్టేసిన కోడి,
జక్కయ్య

చల్లపల్లి,
4-2-74

జక్కయ్యా,

తోట నుంచి వచ్చి వారం దాటింది. నవాబ్ గారి దగ్గర్నుంచి కబురు లేదు.

ఆ రాత్రి ఆయన కన్ను మూయలేదు. ఆయన్నే చూస్తూ నేనూ మూయలేదు. దుప్పటి దులిపారు, తలగడ తిప్పారు, సొలొమోను ఇచ్చిన చెరకు రసం వాసన చూసి పక్కన పెట్టారు. తెల్లవారుతుండగా బూట్లు బోర్లించి, నేలకేసి కొట్టి, లోపల వేలు పెట్టి చూసి, మొహం ముడుచుకుని తొలి బస్సుకు వెళ్లిపోయారు.

ఏం చేశావురా? పోట్లాడను. నిజం చెబితే వెళ్లి ఆయన కాళ్లయినా పట్టుకుంటాను. నిన్న ఒకాయన చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టాను. వజీరా బస్సు చప్పుడైతే చాలు, గుమ్మంలోకి వస్తుంది.

దాదాపీర్

విజయవాడ,
7-2-74

ఒరే దాదాపీరూ,

ఏమీ చెయ్యలేదు. చెయ్యకుండా ఉండడం ఎంత పనో నీకేం తెలుసు?

ఆయన కోటు విప్పి గుంజకు తగిలించారు, సరిగ్గా నా నెత్తి మీద. కళ్లజోడు తీసి నా పక్కనే పెట్టారు. ఎదురుగా పెనంలో పాకం ఉడుకుతోంది, గరిటె నా చేతిలో ఉంది. ఆ గరిటె సొలొమోనుకిచ్చేసి, చేతులు తొడల కింద పెట్టుకున్నాను. "జక్కయ్య గారూ, మీ గురించి చాలా విన్నాను" అంటే "అంతా తమరి దయండి" అన్నాను. అన్నేసి మర్యాదలు నా ఒంటికి పడక ఇంటికొచ్చి జ్వరం తెచ్చుకున్నాను. నన్ను నమ్మకపోతే కప్పనడుగు.

నీ
జక్కయ్య

చల్లపల్లి,
9-2-74

జక్కయ్యా,

నీ ఒట్టు నేను నమ్మను. "అన్నయ్యను ఇక మన గుమ్మం తొక్కొద్దని రాయండి" అంది మెహబూబ్ బీ. రాశాను.

దాదాపీర్

విజయవాడ,
12-2-74

ప్రాణమిత్రుడు దాదాపీర్ గారికి,

గుమ్మం తొక్కొద్దన్నావు కాబట్టి కాగితాన్ని పంపుతున్నాను.

నిన్న నా సైకిలు షాపులో పంక్చరు వేస్తుంటే ఎదురుగా ఆ బూట్లు కనబడ్డాయి. తలెత్తితే నవాబ్ గారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా సంబంధంలో ఏం లోపం కనిపించిందండీ మీకు?" అన్నారు.

"లోపమేంటండి?"

"పామర్రు బస్సులో సగం మంది మీ అల్లరే చెబుతారు. సొలొమోను దుప్పట్లో కప్పట, దాదాపీర్ లుంగీకి గంటట. మీవాళ్లనుకున్న ప్రతివాడికీ ఏదో ఒకటి జరిగింది. నేను రాత్రంతా మేలుకుని ఎదురుచూశాను. దుప్పట్లో లేదు. రసం చూస్తే ఉత్త రసం. పొద్దున్నే బూట్లలో వేలు పెట్టాను, ఖాళీ." ఆ వేలు నా ముందుకు చాపి చూపించారురా. "ముగ్గురూ అండీ అండీ అని నన్ను చాప చివర కూర్చోబెట్టారు. మా ఇళ్లల్లో వియ్యంకుణ్ణి ఆటపట్టించలేదంటే సంబంధం వద్దని అర్థం. ఆ మాట దాదాపీర్ గారిని అడగలేక మీ దగ్గరికొచ్చాను."

నోటితో చెబితే నన్నెవరు నమ్ముతారు? నీ ఉత్తరాలు చేతిలో పెట్టాను. కళ్లజోడు సర్దుకుని, రెండు ఎడమ చేతుల దాకా చదివారు. నోరు కదల్లేదు గానీ పొట్ట ఊగింది. ఆయన నవ్వేది పొట్టతోరా. అందుకే ఎవరూ చూడలేదు.

శుక్రవారం నమాజయ్యాక భార్యాభర్తలిద్దరూ పెళ్లి తారీఖు అనుకోవడానికి మీ ఇంటికి వస్తున్నారు. వజీరాను ఇక ప్రతి బస్సుకీ లేవొద్దని చెప్పు. నన్నూ రమ్మన్నారు, నేను రాను. నేనుంటే నేనే చేశాననుకుంటారు. ఇది నీ చేత్తో జరగాల్సిన పని.

రాగానే కోటు విప్పి తగిలిస్తారు. మెహబూబ్ బీ టీ ఇచ్చేలోగా చేతుల చివర్లు రెండూ కుట్టెయ్. గట్టి దారంతో కుట్టు. వెళ్లేటప్పుడు చెయ్యి దూర్చి ఆయన మధ్యలో ఆగిపోతారే, అప్పుడు నువ్వు మొహం చూసి భయపడకు. పొట్ట చూడు.

గుమ్మం బయటే నిలబడ్డ
జక్కయ్య