అవ్వ బుగ్గలో తెల్లమచ్చ

రేగొండ, 1983 ఆగస్టు, శుక్రవారం రాత్రి

కారం తగిలితే నోరు మండుతోందని అంటే పొద్దున అవ్వను దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరు ఆమె బుగ్గ లోపల ఉన్న తెల్లమచ్చను నాకు చూపించాడు.

"ఇది ఇంకా క్యాన్సర్ కాదమ్మా. కానీ తంబాకు మానకపోతే అట్ల మారొచ్చు. మానితే తగ్గొచ్చు," అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అవ్వను అడిగాను. "గీ తంబాకు అలవాటు ఎట్లయిందే నీకు?"

"నాట్లకు పోయినప్పుడు సున్నం కలిపి బుగ్గన పెట్టుకుంటే ఆకలి తెల్వకపోయేది బిడ్డా. ఇంట్ల ఉన్న ఇంత జొన్న గట్క నీకే పెడుతుంటి గద."

నేను కిటికీ వైపు తిరిగాను. నువ్వు తిన్నావా అని చిన్నప్పుడు ఆమెను ఒక్కసారైనా అడిగిన గుర్తు లేదు.

ఇంటికి రాగానే తంబాకు సంచి తనంతట తానే నా చేతిలో పెట్టింది.

"ఇడిచిపెడితే మచ్చ పోతదా బిడ్డా?"

"పోతదవ్వా," అన్నాను.

డాక్టరు అంత గట్టిగా చెప్పలేదు.