ఇక్కడ ఆర్డర్లు ఇవ్వరు

రేగుంట,
మంగళవారం.

శోభకు,

కాజల్ నాన్న రాస్తున్నది. నేను ఇక్కడ క్షేమం. నువ్వూ కాజల్ చంద్రపూర్‌లో క్షేమమని తలుస్తాను. సిరొంచ తహసీల్ ఆఫీసు ముందు టేబుల్ వేసుకుని ఇరవై రెండేళ్లుగా జనానికి అర్జీలు రాసి పెట్టేవాణ్ని, మొదటి లైను ఎలా ఉండాలో నాకు తెలుసు. రెండో లైను నుంచి కోపంగానే ఉంటుంది. ముందే చెబుతున్నాను.

ఫోన్ చేయొద్దన్నావు. "ఫోన్ల ఒర్రుతవు. రాస్తే చెయ్యి నొస్తది, అప్పుడన్న నిమ్మళమైతవు" అని రాశావు. ఇంత మాట నీకెవరు నేర్పారు? సరే, రాస్తున్నాను. చెయ్యి నొప్పి ఏమీ రాలేదు, రోజుకు పది అర్జీలు రాసే చెయ్యి ఇది. కాజల్ మరాఠీ బడిలో చదివింది, దానికి తెలుగు అక్షరం రాదు కాబట్టి ఇది నీ ఒక్కదానికే అన్న ధైర్యంతో మొదలుపెట్టాను.

నీ ప్రశ్నలకు జవాబులు. బర్రె ఈనింది, ఆడదూడ. మొన్నటి వానకు నారు పోశాను. వంట మా అక్క చేస్తోంది. యాదక్క రెండు పూటలా గిన్నె తెస్తుంది, గిన్నెతో పాటు ఒక మాటా తెస్తుంది. "పెండ్లాం ఉన్నప్పుడు చెంబులు ఇసిరినవ్. ఇప్పుడు గిన్నెలు తోము తమ్మీ" అంటుంది. తోముతున్నాను. సొంత అక్క కూడా నీ పక్షమే, సంతోషమేనా?

ఇక నువ్వు అసలు అడిగింది. పోయావా, ఎన్నిసార్లు పోయావు, మందు గోలీలు ఇచ్చారా, ఆ పిల్లతో పంచాయితీ పెట్టుకున్నావా. పోయాను. ఐదుసార్లు. గోలీలు ఇవ్వలేదు. పెట్టుకున్నాను.

"దవాఖానల ఆ కౌన్సెలింగ్ పిల్ల దగ్గరికి పో. పోకుంటే నన్ను తోలుకపోను రాకు" అని చెప్పి బస్సెక్కావు. పెళ్లయి ఇన్నేళ్లలో నువ్వు నాకు షరతు పెట్టడం అదే మొదలు. ఊరంతా ఏమనుకుంటారో ఒక్కసారైనా ఆలోచించావా? రాజలింగుకు పిచ్చి లేచింది, పెళ్లాం పారిపోయింది అనుకోరా? అలాగే అనుకున్నారు కూడా. అర్జీ రాయించుకోవడానికి వచ్చిన ఒకడు నా మొహంలోకి చూసి, కలం నా చేతిలో పెట్టడానికి జంకాడు.

మొదటి రోజు పోతూ ఏమేమో అనుకున్నాను. మంచం ఉంటుంది, నెత్తికి వైర్లు పెడతారు, నిద్ర సూది వేస్తారు అని. అదేమీ లేదు. కుక్కకాటు సూదులు వేసే గది పక్కన చిన్న గది. రెండు కుర్చీలు, మధ్యలో టేబుల్, ఒక ఫ్యాను, గోడకు గడియారం. కుర్చీలో మన పక్కనున్న బామ్ని ఊరి పిల్ల నవత. నాగపూర్‌లో చదివి వచ్చిందట. మన కాజల్ కన్నా ఆరేడేళ్లు పెద్దదేమో, అంతే. ఈమె నాకు బుద్ధి చెప్పాలా?

నేను ఏ ఆఫీసుకూ ఉత్త చేతులతో పోను కదా. ఆధార్, రేషన్ కార్డు, మూడేసి జిరాక్సులు, రెండు ఫోటోలు పెట్టుకుని పోయాను. ఒక అర్జీ కూడా రాసుకుని పోయాను. మంచి మరాఠీలో, మార్జిన్ వదిలి. విషయం: భార్య అకారణంగా ఇల్లు విడిచి వెళ్లుట గురించి. లోపల పదకొండు అంశాలు. నీ మొండితనం, మీ చెన్నూరు వాళ్ల మాటతీరు, ఆ రోజు పప్పులో ఉప్పు, అన్నీ. నీకు కోపం వస్తే రానీ, దాచను. నవత చివరిదాకా చదివింది. నీట్‌గా మడిచి నాకే తిరిగి ఇచ్చింది.

"రాత ముత్యాల లెక్క ఉన్నది కాకా. కానీ గీడ ఆర్డర్లు ఇయ్యరు."

"మరేమిస్తరు?"

"ముప్పావు గంట ఇస్తం. నువ్వు చెప్పాలె, నేను వినాలె."

"గంతేనా?"

"మొదలైతే గంతే."

నాకు ఒళ్లు మండింది. వినడానికి సర్కారు జీతమా? పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనం గోడు వినేది నేను. నన్ను ఎవరు వింటున్నారని... ఈ మాట అక్కడ కూడా అన్నాను. అనేసి మళ్లీ మింగాను. ఆమె మాత్రం రాసుకుంది.

తర్వాత వరుసగా ప్రశ్నలు. నిద్ర పడుతుందా, తింటున్నావా, తాగుతావా. చావాలని ఎప్పుడైనా అనిపించిందా అని కూడా అడిగింది. నేను కుర్చీ మీంచి లేచాను. "అందర్ని అడుగుత కాకా. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టది. ఉంటే బయటపడ్తది, మంచిదే కదా" అంది. లేదని చెప్పాను, అది నిజమే, భయపడకు. ఇంట్లో ఎవరి మీదైనా చెయ్యి లేపావా అంది. చెంబు విసిరాను, చెయ్యి లేపలేదు అన్నాను. "చెంబు ఇసిరింది చెయ్యే కదా కాకా" అంది. చూడు ఎంత పొగరో!

నేను చెప్పింది ఊళ్లోకి పోతుందా అని అడిగితే, "గీడ మాట్లాడింది గీడనే ఉంటది. నీ పానానికో, ఇంకొకల పానానికో అపాయం ఉన్నదనిపిస్తేనే బయట చెప్త. అది ముందుగాల్నే చెప్తున్న" అంది. నమ్మలేదు. బామ్నికీ రేగుంటకూ ఎంత దూరం? ఇక్కడ దగ్గితే అక్కడ కషాయం కాస్తారు.

ఆ వారమే అంగడిలో ఎదురైంది. నేను నలుగురితో చాయ్ తాగుతున్నాను. మర్యాదగా చెయ్యి సగం లేపాను కూడా. ఆ పిల్ల నన్ను చూసి, చూడనట్టే వంకాయలు ఏరుకుని వెళ్లిపోయింది. పరాయివాళ్లు కూడా తిన్నావా అని అడిగి పోయే ఊరు మనది. నా కన్నా చిన్నది, పక్క ఊరిది, మొహం తిప్పుకుని పోతుందా? రెండోసారి పోయింది దాన్ని దులపడానికే. పది నిమిషాలు దులిపాను. గోడ అవతల సూదికి వచ్చిన పిల్లవాడు ఏడుపు ఆపేశాడు.

అంతా విని చెప్పింది. "బయట నేను ముందుగాల పలకరియ్య కాకా. పలకరిస్తే, ఈమె నీకెట్ల ఎరుక అని పక్కోళ్లు అడుగుతరు. నువ్వు పలకరిస్తే పలుకుత. ఇది మొదటిరోజే చెప్పాల్సి ఉండె. చెప్పలె. తప్పు నాదే."

నేను మళ్లీ కుర్చీలో కూర్చున్నాను. ఆమె చెప్పిన కారణానికి కాదు. తప్పు నాదే అని అంత తేలికగా అనేసి నీళ్ల సీసా మూత తీసుకుంది. ఏమీ కూలిపోలేదు, శోభా. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది, ఎందుకో అప్పుడు తెలియలేదు.

మూడోసారికి ఇంటి పని ఇచ్చింది. బడి పిల్లల్లాగా! కోపం వచ్చినప్పుడల్లా, అంతకు ముందు ఏం జరిగిందో ఒక నోటుబుక్కులో రాయాలట. కోపం ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో చూడాలట. నా ఒంట్లో కాదు, మా యాదక్క నోట్లో మొదలవుతుంది అన్నాను. నవ్వింది. అయినా రాశాను, రాయడం నా వృత్తి కదా. వారంలో పదిహేడు సార్లు. మెడ వెనక మొదలవుతుంది, అది కూడా రాశాను. ఆమె ఆ పేజీలు తిరగేసి, కింద గీతలు గీసి, "పదిహేట్ల పదకొండు సార్లు పిల్లల కాలేజి ఫారాలు నింపేటప్పుడే వచ్చింది కాకా. చూసుకున్నవా?" అంది.

నేను లేచి వచ్చేశాను. గడియారంలో ఇంకా ఇరవై నిమిషాలుంది. వెనకనుంచి, "మొదట్ల జర ఎక్కువనే పరేషాన్ అనిపిస్తది, వచ్చే మంగళవారం గీడనే ఉంట" అంది. ఆ మంగళవారం పోలేదు. నువ్వు రాసింది చదివాక మళ్లీ పోయాను. పోయి ముప్పావు గంటా నోరు తెరవలేదు. ఆమె కూడా తెరవలేదు. నీతో ఎన్నో పోట్లాటలు పెట్టుకున్నాను, ఇంత గట్టిగా ఎవరూ నన్ను ఓడించలేదు.

ఈరోజు ఐదోసారి. ఈరోజు ఆమెకు చెప్పింది నీకు కూడా చెప్పాలి. ఇప్పటిదాకా రాసిన కోపమంతా దీన్ని రాయకుండా ఉండడానికే అని నాకూ తెలుసు.

నేను చెంబు విసిరింది పప్పులో ఉప్పుకు కాదు. నువ్వు ఊరందరికీ ఉప్పనే చెప్పావు, నా పరువు కాపాడాననుకున్నావు. నేనూ ఉప్పే అన్నాను. వడ్డిస్తూ నువ్వన్న మాట నాకు గుర్తుంది. "ఈ ఏడు కాజల్‌కు మళ్ల నర్సింగ్ ఫారం నింపుదాం. ఈసారి కాయితాలు నేను ముట్ట. నా చెయ్యి మంచిది కాదు." ఆ మాటకు విసిరాను. అది నీ చెవి పక్కనుంచి పోయి తలుపుకు సొట్ట పెట్టింది.

పోయినేడు జులైలో కాజల్‌కు సీటు వచ్చింది. కాగితాలు చూపించడానికి పిలిచారు. ఇంట్లో తెలుగు, తల్లిది నదికి అవతలి రాష్ట్రం అనేసరికి మనవాళ్లను రెండుసార్లు చూస్తారు కదా. ఈ రాష్ట్రం వాళ్లమేనని ఇచ్చే డొమిసైల్ దాఖలా జిరాక్స్ కుదరదు, అసలు ప్రతే కావాలన్నారు. ఇల్లంతా వెతికాం. దొరకలేదు. కొత్తది తీసేలోపు తేదీ దాటింది. అప్పుడు నేనేమన్నానో నీకు గుర్తుంది. పాత పేపర్లు పొయ్యిలో వేసేటప్పుడు నువ్వే దాన్ని కూడా వేసి ఉంటావన్నాను. మొదట కాదన్నావు. నేను రోజూ అన్నాను. నాలుగో రోజుకు నువ్వే, "ఏసిన్నేమో" అన్నావు. బిడ్డ కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చావు. అది నెల రోజులు నీతో సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు చంద్రపూర్ బట్టల షాపులో పొద్దంతా నిలబడి చీరలు మడతపెడుతోంది.

శోభా, నువ్వు దాన్ని పొయ్యిలో వేయలేదు. తేదీ దాటిన తొమ్మిదో రోజు బక్కయ్య పింఛన్ కాగితాలు తీస్తుంటే వాటి మధ్యలోంచి జారిపడింది. టేబుల్ మీద అందరి కాగితాలతో పాటు నా బిడ్డది కూడా కలిపేసింది నేనే. నలభై మంది పిల్లల ఫారాలు తేదీకి ముందే నింపిపెట్టినవాణ్ని. పరాయివాళ్ల కాగితం ఒక్కటి ఇన్నేళ్లలో పోగొట్టలేదు.

అదే రోజు ఇంటికొచ్చి చెబుదామనుకున్నాను. నువ్వు గుమ్మంలోనే, "నా వల్లనే బిడ్డ బతుకు ఆగమైంది" అన్నావు. చెప్పలేకపోయాను. సంచి లోపలి జిప్పులో పెట్టాను. పది పదకొండు నెలలు అది అక్కడే ఉంది, నా భుజానికి వేలాడుతూ. నువ్వు నా వల్లనే అన్నప్పుడల్లా నీ మీద విరుచుకుపడ్డాను. ఊరుకో అని అరవడం తేలిక. నీ తప్పు కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఇంతకన్నా పిరికివాణ్ని నువ్వు చూసి ఉండవు. నవత మీద, నీ మీద, యాదక్క మీద వచ్చిన కోపమంతా కలిపినా, ఈ రాజలింగు మీద నాకున్న కోపంలో సగం కూడా కాదు.

చెప్పాక నవత తిట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు. అదేమిటో, అదే మంచిదనిపించింది. "ఆ కాయితం ఇప్పుడు యాడున్నది కాకా?" అంది. సంచి జిప్పు తీసి దాన్ని టేబుల్ మీద పెట్టాను. ముట్టుకోలేదు. "ఏం జేస్తవ్?" అంది. ఏం చేయాలో నువ్వే చెప్పు, ఇంత చదివావు కదా అని గట్టిగానే అడిగాను. "గీడ ఆర్డర్లు ఇయ్యరని మొదటిరోజే చెప్పిన" అంది. అప్పటికి ముప్పావు గంట అయిపోయింది.

నిన్ను రమ్మని అడగడం లేదు. నీకు కోపం రావాలి. రాకపోతే నాకు భయం. మాఫీ చేశానని గబగబా జవాబు రాయకు. ఇది నీ ఒక్కదానికే అని మొదట రాశాను, అది కొట్టివేసినట్టే. కాజల్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించు. తొమ్మిదో రోజు సంగతి దగ్గర ఆగి రెండుసార్లు చదువు. ఈ ఏడు ఫారానికి తేదీ ఇంకా ఉంది. దాన్ని నువ్వూ కాజల్ కూర్చుని నింపండి. కాగితాలన్నీ నీ చేతిలోనే ఉండాలి. నన్ను ముట్టనివ్వకు.

వచ్చే మంగళవారం మళ్లీ పోతాను. నువ్వు వచ్చినా రాకపోయినా పోతాను. తలుపు సొట్ట బాగు చేయించనా అని యాదక్క అడిగితే వద్దన్నాను.

ఇట్లు,
నీ మీద నింద వేసినవాడు,
కాజల్ నాన్న.

జత: కాజల్ డొమిసైల్ దాఖలా, అసలు ప్రతి, ఒకటి. ఎక్కడా కాలలేదు, చూసుకో.