గొంతు నాదైనా నమ్మకు

బాపమ్మా, తలుపు గడియ తియ్యకు. పక్కింటి బిల్కీస్ చాచీ వస్తేనే తియ్యి, అదీ కిటికీలోంచి మొహం చూశాకే. ఆమెకు చెప్పే పోతున్నాను.

బడి వాళ్లతో పని నేర్చుకోవడానికి నిర్మల్ బొమ్మల కార్ఖానాకు పోతున్నాను. అక్కడ మా ఫోన్లన్నీ టీచర్ దగ్గరే ఉంటాయి. బాపు గనిలోకి దిగాక ఆయనకూ ఫోన్ కలవదు.

రాత్రి ఎవడో బడి నుంచి అని ఫోన్ చేస్తే నువ్వు అంతా చెప్పేశావు. "అవు బిడ్డా, మా ప్రజ్ఞ పొద్దుగాల్నే పోతది, ఇంట్ల నేనొక్కదాన్నే ఉంట" అన్నావు. ఇందాక టీచర్‌కు ఫోన్ చేసి అడిగితే, బడి నుంచి ఎవరూ చేయలేదన్నారు. ఇలాంటి దొంగలకు నేను ఆన్‌లైన్‌లో పెట్టిన వీడియో ఒక్కటి చాలట, కంప్యూటర్‌లో అచ్చం నా గొంతు తయారుచేసి ఫోన్‌లో ఏడవడానికి. మొన్న బడి మీటింగ్‌లో అలాంటి గొంతు వినిపించారు. "ముసలిదాన్ని, నాకెందుకే గా మీటింగులు" అని నువ్వు రాలేదు.

నా గొంతుతో ఫోన్ వచ్చి, ప్రమాదమైందన్నా, ఓటీపీ అడిగినా, తలుపు తియ్యమన్నా, ముందు ఒక్కటే అడుగు: నీ పాత కళ్లద్దాలు ఎట్లా పగిలాయని. బాపుకు మనం చెప్పిన మాట కాదు, అసలు సంగతి ఆ గొంతే చెప్పాలి. జవాబు ఇక్కడ రాయను. చెప్పకపోతే ఫోన్ పెట్టేసి చాచీని పిలువు.

పప్పు పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకుని తిను.

ప్రజ్ఞ

ఇంకొకటి. నీ మనసు ఆగదని నాకు తెలుసు. ఆ గొంతు ఎంత ఏడ్చినా ఏడ్వనియ్యి. నేనే అయితే ఏడుస్తూ కూడా కళ్లద్దాల సంగతి చెప్తాను.